బస్సులో బోను

"బోనెక్కినంక వకీలు మీదికొచ్చి అరుస్తడత్తా. నీకు కాళ్లు వణుకుతయ్," అన్నాడు దామోదర్. "మాట విని అర్వపల్లిల దిగి ఇంటికి వో."

సూర్యాపేట బస్సులో కనకమ్మ, కోర్టు కాగితం కట్టుకున్న కొంగుకు ఇంకో ముడి వేసింది. పోయింది ఆమె పొట్టేలు. ఎత్తుకుపోయాడని ఆమె కేసు పెట్టింది ఈ దామోదర్ మీదనే. వాయిదాకు పోవడానికి ఇద్దరికీ ఉన్నది ఒక్కటే బస్సు.

"అసలు ఏమడుగుతడురా వకీలు?"

దామోదర్ తువ్వాలను నల్లకోటులా భుజాల మీద కప్పుకొని లేచి నిలబడ్డాడు.

"చీకట్ల దొంగనెట్ల గుర్తువట్టినవ్?"

"నా పొట్టేలు సాదుది. వాడి ఎంబడి తాపీగ నడుస్తుంటె మొఖం సూసిన."

"అబద్ధం! గది సాదుదా? వాగు దాక నన్ను ఈడ్సుకపోయింది!"

బస్సు బస్సంతా ఇటు తిరిగింది. దామోదర్ తువ్వాల తీసేసి మెల్లగా కూర్చున్నాడు.

"అందరిన్నరు గదా! కోర్టుకొచ్చి జెప్పుండ్రి," అంది కనకమ్మ.

మీసాల పెద్దమనిషి కిటికీలోంచి తుమ్మచెట్లు చూడసాగాడు. ఇద్దరు రైతులు కూర్చున్నపాటున గురకపెట్టారు. కండక్టరు ఒకసారి కొట్టిన టికెట్టునే మళ్లీ కొట్టాడు.

కనకమ్మ అందరినీ తేరిపార చూసింది. పొద్దుటి నుంచి తనొక్కతే పిరికిదాన్ననుకుంటోంది!

"అర్వపల్లి! దిగేటోళ్లున్నరా?"

దామోదర్ గబుక్కున లేచాడు. కనకమ్మ అతని తువ్వాల కొస పట్టి గుంజింది.

"కూసో అల్లుడా. వకీలు ఇంకేమేమడుగుతడో జెప్పనే లేదు."