అరనిమిషం ఆలస్యం

"ఇందులో పెళ్ళి కనపడుతుందా అమ్మా?" అంది రత్నమాణిక్యం, శుభలేఖ వెనక పెన్నుతో రాసి ఉన్న వెబ్‌సైట్ పేరు చూపిస్తూ.

భీమవరంలో మేడ మీద ఉంది ఆ నెట్ సెంటర్. ప్రిస్కిల్లా ఒక్కతే చూసుకుంటోంది. ఓనరు పల్లంరాజు గారు ఏదో పెళ్ళికి వెళ్ళారు. వైశాఖ మాసం. ఊళ్ళో ఏ మండపం చూసినా మేళాలే, రోడ్డుకి ఎదుటివైపు ఉన్నదానితో సహా.

"ఎవరి పెళ్ళండి?"

"మా అమ్మాయిది. శ్రీసత్య. పది దాటాక ముహూర్తం."

ప్రిస్కిల్లా గోడ గడియారం చూసింది. తొమ్మిదిన్నర. తర్వాత ఆవిడ చేతిలో సంచీ చూసింది. గొడుగు, మంచినీళ్ళ సీసా, టార్చిలైటు.

"పగలు టార్చిలైటు ఎందుకండి?"

"కరెంటు పోతే మీ మెట్లు కనపడొద్దూ? పడితే తుంటి ఎముకే."

"సొంత కూతురి పెళ్ళికి వెళ్ళలేదేంటండి?"

"రమ్మనే అన్నారు. నాకే భయం."

ప్రయాణాలు పడనివాళ్ళు ఉంటారు. ప్రిస్కిల్లా మేనత్త తణుకు వెళ్ళాలన్నా రెండు రోజుల ముందు నుంచే అన్నం మానేస్తుంది.

"మరి మీవారు వెళ్ళారాండి?"

"ఆయన పోయి ఆరేళ్ళయింది. మా అన్నయ్యా వదినా కూర్చుంటున్నారు పీటల మీద."

"మా నాన్న కూడా లేరండి. నా పెళ్ళికి మా అమ్మే చెయ్యి పట్టుకుని చర్చిలోకి తీసుకెళ్ళింది."

"అలాగా? ఏమీ అవలేదా?"

"ఏమవుతుందండి?"

రత్నమాణిక్యం శుభలేఖ ముందుకు జరిపింది. "నేను చూడకపోతే పీటల మీంచి లేచి వచ్చేస్తానంది మా అమ్మాయి. అన్నంత పనీ చేసే రకం. త్వరగా పెట్టమ్మా."

పేజీ తెరుచుకుంది. పెళ్ళి ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా, దాని మధ్యలో చిన్న బొమ్మ.

"ప్లగిన్ లేదంటోందండి."

"అంటే పెళ్ళి ఆగిపోయిందా?"

"పెళ్ళికేం కాలేదండి. వీడియో ఆడాలంటే ఇందులో ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ కలపాలి. అదే ప్లగిన్. విండోస్‌లో అయితే దానంతటదే కలిసిపోతుంది. ఇవన్నీ లినక్స్ కదండీ, మనమే చేత్తో వెయ్యాలి."

దొంగ విండోస్ వాడుతున్నారని పోలీసులు వస్తారేమోనని పల్లంరాజు గారు పోయిన నెలే అన్నిట్లోనూ ఉచితంగా దొరికే లినక్స్ వేయించారు. అప్పటినుంచి పోలీసులూ రావడం లేదు, కస్టమర్లూ రావడం లేదు.

ప్రిస్కిల్లా ఫైలు దింపింది. దింపేలోపు రత్నమాణిక్యం మూడు అనుమానాలు అడిగింది. తాళిబొట్టు బీరువాలో మర్చిపోతే? పెళ్ళికొడుక్కి జ్వరం వస్తే? పందిరికి వైర్లు సరిగ్గా కట్టారో లేదో?

ఫైలు దిగింది. ఫోల్డరులో పెట్టబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు.

"పర్మిషన్ లేదంటండి. ఫైలు ఇక్కడే ఉంది. ఫోల్డరు ఇదిగో, ఎదురుగానే ఉంది. లోపలికే వెళ్ళనివ్వట్లేదు."

"ఎవరు వెళ్ళనివ్వాలి?"

"రూట్ అని ఉంటాడండి, అందరికన్నా పెద్ద. ఆ పాస్‌వర్డ్ ఓనరు గారికే తెలుసు."

"కంప్యూటర్లో కూడా అంతేనన్నమాట," అంది రత్నమాణిక్యం.

ప్రిస్కిల్లా ఫోన్ చేసింది. అవతల సన్నాయి మోతలో పల్లంరాజు గారు అరిచారు. "ఫోన్లో పాస్‌వర్డ్ చెబితే టిఫిన్ల బంతి మొత్తం వింటుందే అమ్మాయ్! వస్తా ఉండు."

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే రత్నమాణిక్యం లేచి, పెళ్ళి నుంచి వచ్చే మనిషికి ఎదురుపడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. పల్లంరాజు గారు ఆవిడని చూడనే లేదు. చిలకపచ్చ పట్టు లాల్చీ, మెడ మీద గంధం. నిలబడే పాస్‌వర్డ్ కొట్టి, "అక్షింతల టైముకి నేను అక్కడుండాలి," అంటూ దిగిపోయారు.

ఈసారి ఫైలు లోపలికి వెళ్ళింది. ప్రిస్కిల్లా అన్నీ మూసి మళ్ళీ తెరిచింది. డబ్బా నల్లబడింది. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, పెళ్ళి కనపడింది. పూల పందిరి, పీటలు, మధ్యలో అడ్డుతెర.

"ఇది అరనిమిషం లేటుగా వస్తుందండి. ఏమీ అనుకోకండి."

"అంటే నేను చూసేసరికి అక్కడ అయిపోయి ఉంటుందా?"

"అయిపోయే ఉంటుందండి."

"కచ్చితంగానా?"

"కచ్చితంగానండి. సారీ."

"ఎందుకమ్మా సారీ? అదే మంచిది." రత్నమాణిక్యం వచ్చినప్పటినుంచీ మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

ఎదుటి మండపంలో మేళం పెద్దదయింది. కంప్యూటరు శబ్దం వినపడటం లేదని ప్రిస్కిల్లా కిటికీ వెయ్యబోయింది.

"వెయ్యకమ్మా. ఉండనీ."

అంతలో బయట గట్టిమేళం అందుకుంది. రత్నమాణిక్యం గబుక్కున కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. పెదాలు కదులుతున్నాయి.

"మనది కాదండీ, అది ఎదుటి పెళ్ళి," అంది ప్రిస్కిల్లా. "మన దాంట్లో ఇంకా తెర అడ్డంగానే ఉంది."

ఆవిడ కళ్ళు తెరవలేదు. బయట మేళం నెమ్మదించాక తెరిచింది.

అప్పుడు కంప్యూటర్లో గట్టిమేళం మొదలైంది. జీలకర్ర బెల్లం పెట్టారు. అడ్డుతెర దిగింది. శ్రీసత్య తలెత్తింది. పెళ్ళికొడుకుని వదిలేసి నేరుగా కెమెరాలోకి చూసింది.

"మిమ్మల్నే చూస్తోందండి!"

"చూస్తోంది," అంది రత్నమాణిక్యం. "చల్లగా ఉండు తల్లీ." టార్చిలైటు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ప్రిస్కిల్లా కంప్యూటరు మీదికి వంగి చూసింది.

శ్రీసత్య నెత్తిన అందరికన్నా ముందు అక్షింతలు వేస్తున్నది, ఇప్పుడే మెట్లు దిగి రోడ్డు దాటి ఎదుటి మండపానికి వెళ్ళిన చిలకపచ్చ లాల్చీ పల్లంరాజు గారు.