దీవి లైను పోయిన రోజులు

"ఇవాళ కూడా లేదా?" అడిగాడు ఓడలో తోటి పనివాడు షర్బిల్.

ముంధిర్ తల అడ్డంగా ఊపి ఫోను బోర్లా పెట్టాడు. ఆరు రోజులుగా అదే వరస. ఓడలోని నెట్‌తో భార్య నజీహా నంబరు నొక్కితే తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతాయి, ఆగిపోతాయి. బాబాయి నంబరూ అంతే. దీవిలో ఎవరికి చేసినా అంతే.

"రాజధానిలో ఎవడో మీట నొక్కి లైను ఆపేసుంటాడు. మొన్న మీ జాలర్లు పెద్ద పడవల మీద గొడవ చేశారన్నావుగా?"

"మాది వాళ్ల లైను కాదురా. మా సొంతం."

ఆ మాట అంటున్నప్పుడు ముంధిర్ గొంతులో ఎప్పుడూ కాస్త గర్వం పలికేది. ఈసారి పలకలేదు.

తొంభై ఇళ్ల కోసం టవరు వేస్తే మాకేం గిట్టుతుందని ఫోను కంపెనీ వాళ్లు మొహం మీదే చెప్పి పోయారు. అప్పుడు నజీహా పూనుకుంది. అవతలి ఒడ్డు పట్నం స్ఫాక్స్‌లో కంప్యూటర్లు చదువుకున్న మనిషి. వలలు అల్లే ఆడవాళ్లను పోగేసి డాబాల మీద యాంటెనాలు పెట్టించింది. ఒక డాబా నుంచి ఇంకో డాబాకి, చివరి డాబా నుంచి సముద్రం మీదుగా స్ఫాక్స్‌కి. బయటి నుంచి వచ్చే ప్రతి పిలుపూ అక్కడున్న ఒకే ఒక్క తలుపు దాటి రావాలి. ఎవరి పిలుపు రానివ్వాలో, ఎవరిది ఆపాలో చెప్పే ఆ తలుపు తాళం నజీహా దగ్గరే ఉంటుంది. "మన మాటలకి ఇంకొకడి కాపలా ఏంటి?" అనేది.

ముంధిర్ చేసేదీ అలాంటి పనే, కాకపోతే నడిసముద్రంలో. అడుగున తెగిన తీగల్ని ఓడ మీదికి లాగి, లోపలి వెంట్రుకంత గాజు పోగుల్ని అతుకుతాడు. ఖండాలు మాట్లాడుకునేది ఆ తీగల్లోంచే. వాటి యజమానులు మాత్రం గుప్పెడు మంది. పోగు అతుక్కోగానే ఎక్కడెక్కడి మనుషులో మళ్లీ ఒకరినొకరు పలకరించుకుంటారు. అతనికి అంత మంది గొంతులు అక్కర్లేదు. ఒక్క గొంతు చాలు.

సాయంత్రం ఏడయ్యేసరికి కాళ్లు వాటంతట అవే ఓడ వెనకవైపు తాళ్ల చుట్ట దగ్గరికి నడిచేవి. నాలుగేళ్ల కూతురు రీమ్ రోజూ అక్కడే ఫోనులో కనిపించేది. కొత్త చెప్పులు చూపించేది, మోకాలి మీద దెబ్బ చూపించేది. ఇప్పుడు ఉత్త చేతులతో కూర్చుని, ఆ దెబ్బ మానిందో లేదో అనుకునేవాడు.

నిరుటి మాటలు గుర్తొచ్చేవి.

"ఈసారైనా సెలవుకి వస్తున్నావా?"

"రోజూ చూసుకుంటూనే ఉన్నాంగా నజీహా! ఇంకో ఆర్నెల్లు ఓపిక పడితే పైగది వేసేయొచ్చు."

అలా మూడు సెలవులు వదులుకున్నాడు. మూడోసారి ఆమె ఫోను రీమ్ చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ నడక అతనికి ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. మళ్లీ వెనక్కి తిరుగుతుందేమోనని అప్పుడు కాసేపైనా ఆగి చూడలేదు. డ్యూటీ బెల్లు మోగిందని ఫోను పెట్టేశాడు.

ఏడో రోజు ఓడ కెప్టెన్‌ని బతిమాలి ఉపగ్రహం ఫోను అడిగి తీసుకున్నాడు. స్ఫాక్స్‌కీ దీవికీ మధ్య పడవ నడిపే హమ్మాదీకి, అతని నెట్ లేని పాత ఫోనుకి చేశాడు.

"లైను పోయిందట నాయనా. అందరూ బాగానే ఉన్నారట. నజీహా చెప్పమంది."

"ఎప్పుడొస్తుందట?"

"బాగుచేసేవాడు బయటి నుంచి రావాలట."

"నాకంటే బాగా చేసేవాడు ఎవడున్నాడు మామా?"

"నన్నడుగుతావేం? నేను చేపలూ మనుషులూ మోసేవాణ్ణి."

ఓడ మాల్టాలో సరుకు కోసం ఆగింది. ముంధిర్ సంచి సర్దుకున్నాడు.

"లైను కోసమా, పెళ్లాం కోసమా?" షర్బిల్ కన్ను గీటాడు.

"లైను బాగుచేయడానికేరా."

"అయితే పనిముట్లు పెట్టుకో. ముందు ఆ గడ్డం గీక్కో."

గడ్డం గీక్కునే తీరిక లేకపోయింది. రెండు రోజుల ప్రయాణం తరవాత హమ్మాదీ పడవలోంచి దూకి, ఖర్జూరపు మట్టల దడుల పక్కనుంచి దాదాపు పరిగెత్తాడు. నజీహా వాకిట్లో కూర్చుని ఆక్టోపస్‌ని మెత్తబడేలా రాతికేసి బాదుతోంది. తలెత్తింది. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"చిక్కిపోయావు," అంది. "తెరలో తెలియలేదు."

రీమ్ వచ్చింది. అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. చుట్టూ తిరిగి వీపు వైపు కూడా చూసింది. అతను కింద కూర్చుంటే చెంప మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది.

"అమ్మా! నాన్న వెచ్చగా ఉన్నాడే!"

ముంధిర్‌కి దుఃఖం ఆగలేదు. కూతురి జుట్టులో మొహం దాచుకున్నాడు. ఆ జుట్టుకి ఉప్పుగాలి వాసన, ఆలివ్ నూనె వాసన. ఇన్నాళ్లూ ఏ తీగా ఆ వాసన మోసుకురాలేదు.

ఆక్టోపస్ కూర, గోధుమరవ్వ కుస్‌కుస్ తిన్నాక పనిముట్ల సంచి అందుకోబోయాడు.

"పద, లైను సంగతి చూద్దాం."

"ఇవాళే వచ్చావు. రేపు చూద్దువులే."

మర్నాడు ఎండ ఎక్కువగా ఉందంది. ఆ తరవాత రీమ్‌ని ఈతకి తీసుకెళ్లమంది. ముంధిర్ ఫోను సంచిలోంచి తీయనే లేదు. తీయాలని తోచనూ లేదు.

మూడో రోజు పొద్దున నజీహా రొట్టెలు కాలుస్తుంటే సంచి భుజాన వేసుకుని తనే డాబా ఎక్కాడు. పక్క డాబా మీద మబ్రూకా పిన్ని మిరపకాయలు ఎండబోస్తూ, సీసాకి ఆనించిన ఫోనులో సముద్రం అవతల మార్సెయ్‌లో ఉన్న చెల్లెలితో గొంతు చించుకుని మాట్లాడుతోంది.

ముంధిర్ మొహం విప్పారింది.

"పిన్నీ, లైను ఎప్పుడొచ్చింది?"

మబ్రూకా పిన్ని మిరపకాయల మీంచి తలెత్తి అతన్ని ఎగాదిగా చూసింది.

"పోయిందెప్పుడు నాయనా?"