నల్లబట్ట మీద మంచు

బర్గండీ దొరల ఇళ్ళలో మొగుడు పోయిన ఆడమనిషి ఆరు వారాలు మంచం దిగకూడదు. గోడలకీ, కిటికీలకీ, చివరికి నేలకీ నల్లబట్ట కప్పేస్తారు. జోసీన్ ఆ చీకట్లో పడుకుని చాలా రోజులైంది. ఏడుపు మాత్రం రాలేదు. నాన్సీ ఊరి దగ్గర యుద్ధంలో మంచులో పడిన శవాలకి కాలి జోళ్ళు కూడా మిగల్చకుండా దోచుకున్నారనీ, తన మొగుడి శవం దొరకనేలేదనీ చెప్పినప్పుడు కూడా రాలేదు.

ఆ రాత్రి దాసి మహో కొవ్వొత్తి పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మగారూ, మంచం దిగారా? ఆచారం తప్పితే ఊరుకోని ఆ ముసలి దొరసానులకి తెలిస్తే ఊరంతా చాటింపు వెయ్యరూ?"

"నేను దిగలేదే."

మహో వంగి చూసింది. తలుపు దగ్గర్నుంచి మంచం దాకా నల్లబట్ట మీద తెల్లగా అడుగులు. జోళ్ళు లేని మగవాడి అడుగులు. వాటిలో మంచు ఇంకా కరగలేదు.

గది నిశ్శబ్దంగా ఉంది. మంచానికి అవతలి పక్క మాత్రం పళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు.

"అమ్మగారూ... మీ పక్కన..."

జోసీన్ తన దుప్పటి సగం అటు కప్పింది. ఆమె మొహంలో భయం లేదు, సంతోషమూ లేదు.

"ఆ తలుపు వేసి వెళ్ళవే. ఆయనకి చలేస్తోంది."