క్లాసు మానేసిన అమ్మాయి

“అది ఇక క్లాసుకి రాదు బాబాయిగారూ. వెళ్లండి,” అంది తల్లి, తలుపు సగమే తీసి.

పెద్దాయన కదల్లేదు. బట్టల ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ‘పెద్దాయన’ అనే పిలుస్తారు. మూడంతస్తులు ఎక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు.

“పరీక్ష పదిరోజుల్లో ఉందమ్మా. ఇప్పుడు మానేస్తే ఆరునెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పాసైతే కుట్టు మెషిన్ మీద కూర్చోవచ్చు. లేదంటే బతుకంతా దారాలు కత్తిరించడమే. ఆ జీతంతో ఇల్లు ఎలా గడుస్తుందో నీకు తెలియనిదా?”

“నాకూ తెలుసు. కానీ మొన్న పై ఆఫీసు నుంచి ఎవరో వచ్చి, బోర్డు దగ్గర భిన్నాల లెక్క అడిగారట. పిల్లకి నోరు పెగల్లేదు. అందరూ నవ్వారట. ఆ రోజు నుంచి దానికి ముద్ద దిగడం లేదు.”

“నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.”

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

పెద్దాయన కాస్త గొంతు పెంచి, లోపలికి వినబడేలా అన్నాడు: “యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, బుద్ధి మాత్రం రాలేదు. తప్పయిందని చెప్పుకోడానికే వచ్చానమ్మా.”

అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“ఆ లెక్క నాకు ఇప్పటికీ రాదు,” అంది నేలకేసి చూస్తూ.

“రాకపోతే కలిసి కూర్చుని కుస్తీపడదాం. రాదని చెప్పడం సిగ్గయితే మన గదిలో ఒక్కరూ మిగలరు.”

“మళ్లీ నవ్వితే?”

“నవ్వినవాళ్లని నేనే బయటికి పంపిస్తాను.”

ఆమె తల్లి వైపు చూసింది. తల్లి తలుపు పూర్తిగా తీసి పక్కకు జరిగింది. అమ్మాయి చెప్పులు వేసుకుంది. మెట్ల దగ్గర ఆయన మోకాలు పట్టేస్తే, ఆమె ఆగి చెయ్యి అందించింది.

ప్యాకింగ్ గదిలో అట్టపెట్టెల మధ్య పదకొండుమంది కార్మికులు ఎదురుచూస్తున్నారు. ఇద్దరినీ చూడగానే మాటలు ఆపి లేచి నిలబడ్డారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

పెద్దాయన బోర్డు తుడిచి, సుద్దముక్క అమ్మాయి చేతిలో పెట్టాడు.

“ఇక పాఠం చెప్పు టీచరమ్మా,” అంటూ వెళ్లి, తోటి విద్యార్థుల పక్కన బెంచీలో తన చోట కూర్చున్నాడు.