ప్రొజెక్టర్ కింద కాగితం

ప్రొజెక్టర్‌కు ఒక కాలు పొట్టి. తెర మీద తెలంగాణ మొత్తం ఓ పక్కకు ఒరిగింది.

"దాని కింద ఏమన్న పెట్టు సాయిలతా! ఢిల్లీ సార్లు రైల్వే గేటు దాటిన్రంట," అన్నాడు సిద్దార్థ.

దేశమంతటికీ పనికొచ్చే మ్యాపులు ఒకేచోట ఉండాలన్న జియోస్పేషియల్ పాలసీ కోసం, కామారెడ్డి జిల్లాలో నడుస్తున్న పైలట్ ప్రాజెక్టు వాళ్లది. సార్లు ఇవాళ తలూపితే ఇంకో మూడేళ్లు నిధులు. ఊపకపోతే తొమ్మిది మందీ ఇంటికే.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఓ పెద్దమనిషి కనిపించాడు. చెప్పులు బయటే విడిచాడు. చేతిలో మడతపెట్టిన కాగితం.

"ఎవరు గావాలె బాపు?" అంది సాయిలత.

"మ్యాపులోల్లు మీరేనా అమ్మా? నా పేరు బాబూలాల్. ఎల్లారెడ్డి అవతల తండ మాది. ఫోన్ల గొడితె మా తండ వస్తలేదు. నా బిడ్డ తొవ్వ గీసిచ్చింది. గిది ఎక్కిస్తరేమోనని..."

సిద్దార్థ నవ్వాడు. "మేం శాటిలైట్‌తోని తీసినం. నీ బిడ్డ పెన్సిల్‌తోని దిద్దుతదా?"

"దిద్దుతది సారూ. పది పాసైంది."

సాయిలత కూడా నవ్వేసింది.

"సోమవారం రా, చూద్దాం," అన్నాడు సిద్దార్థ.

"సోమారం దాంక ఆగేటట్టు లేదు సారూ. బిడ్డకు నెలలు నిండినయి."

"నెలలు నిండితే దవాఖానకు పోతరు. మ్యాపుల కాడికొస్తరా?"

బయట కారు ఆగిన చప్పుడు. సాయిలత ఆయన చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఇచ్చినవు గద, ఇగ పో బాపు."

"ఎక్కిస్తరు గద అమ్మా?"

"ఆ, ఎక్కిస్తం."

ఆయన దండం పెట్టి వెళ్లాడు. ఆమె కాగితాన్ని ఇంకో రెండు మడతలు పెట్టి ప్రొజెక్టర్ కింద దోపింది.

తెలంగాణ నిటారుగా నిలబడింది.

మొదటి స్లైడ్ గోమ్లి. మూడేళ్ల కింద, ఇదే జిల్లాలో, మక్కచేన్లో పాము కరిచింది. తండా మ్యాపులో లేదు. అంబులెన్స్ గంటన్నర తిరిగింది. వచ్చేసరికి ప్రాణం పోయింది.

పేపర్లో వచ్చిన నాలుగు లైన్లు తప్ప వాళ్లకు ఇంకేం తెలియదు. తండా పేరు కూడా అందులో లేదు. ఫొటో కోసం నెట్‌లో దొరికిన ఇంకో లంబాడీ ఆమెను పెట్టారు. "ఢిల్లీ సార్లు గుర్తువడ్తరా ఏంది?" అన్నాడు సిద్దార్థ నిన్న.

వణకాల్సిన చోట సాయిలత గొంతు సరిగ్గా వణికింది. నాలుగుసార్లు ప్రాక్టీస్ చేసింది మరి.

ఒక సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఆ తండా ఇప్పుడు మ్యాపులో ఉందా?"

సిద్దార్థ తడబడలేదు. ల్యాప్‌టాప్ మీదికి వంగి, మ్యాపు తెర మీదికి రాకముందే, మాచారెడ్డి వైపు ఖాళీగా కనిపించిన చోట ఒక చుక్క పెట్టాడు.

"ఎప్పుడో ఎక్కించాం సార్."

చప్పట్లు. మూడేళ్ల నిధులు ఖాయం.

బిర్యానీ పొట్లాలు వచ్చాయి. సాయిలత ప్రొజెక్టర్ సర్దుతుంటే కాగితం చేతికొచ్చింది.

"పారెయ్యి," అన్నాడు సిద్దార్థ, ముక్క కొరుకుతూ.

పారెయ్యబోతూ విప్పింది. రూళ్ల కాగితం, పెన్సిల్ గీతలు. ఎల్లారెడ్డి బస్సు దిగే చోటు, మోరీ, బోరింగు, మక్కచేను, చివరికి తండా. జిల్లాకు ఆ చివర. సిద్దార్థ పెట్టిన చుక్క ఈ చివర.

మక్కచేను పక్కన ఇంటూ గుర్తు ఉంది. దాని కింద ఏదో చిన్నగా రాసి ఉంది. చదివింది.

కాగితంతో గేటు దాకా పరుగెత్తింది.

"ఇందాక వచ్చినాయన ఏడి?"

"ఎల్లారెడ్డి బస్సెక్కిండు మేడం," అన్నాడు వాచ్‌మన్. "తండ మ్యాపుల ఎక్కిందని మస్తు సంబరపడ్డడు. నాక్కూడ చాయ్ తాపిండు."

ఫోన్ నంబరు కోసం ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

ఇంటూ గుర్తు కింద ఉన్న ఒక్క వాక్యం తప్ప ఇంకేం లేదు: "మా అమ్మ గోమ్లిని ఎత్తుకొని, అంబులెన్స్ కోసం మా బాపు నిలబడ్డది ఇక్కడనే."