ఏటికి వెళ్లే రైలు

"సరస్సుకే వెళ్దాం," అంది మిలేనా మూడోసారి.

"కోమోకా? ఆదివారం పూట? మిలాన్ ఊరంతా అక్కడే ఉంటుంది. తువ్వాలు పరుచుకోడానికి జానెడు చోటు దొరకదు," అన్నాడు భర్త ఎజీదియో. "అద్దా ఏటికి పోదాం. అరగంటలో దిగిపోతాం. చెట్ల నీడ, చల్లటి నీళ్లు. ఇంకేం కావాలి?"

"పోయినసారీ నీ మాటే నెగ్గింది. కొండెక్కించి నా కాళ్లు విరగ్గొట్టావు."

తొమ్మిదేళ్ల ఓరియానా అమ్మ ముఖం, నాన్న ముఖం మార్చి మార్చి చూస్తోంది. గరిబాల్ది స్టేషన్ ప్లాట్‌ఫారం జూలై ఎండకి అప్పుడే సెగలు కక్కుతోంది.

"క్షమించాలి..."

పక్కకి తిరిగి చూశారు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడదాకా గుండీలు. ముఖం కందిపోయి ఉంది.

"మీ మాటలు చెవినబడ్డాయి. ఏటికి మాత్రం వద్దండీ. పైకి నెమ్మదిగానే కనిపిస్తుంది. ఆ రాళ్ల ఒడ్డు దగ్గర కాలికింద గులకరాళ్లు జారిపోతాయి. పాప ఉంది కదా..."

ఎజీదియోకి చిర్రెత్తుకొచ్చింది. ఒక్కదానితోనే వేగలేకపోతుంటే, ఆవిడ పక్షాన ఇంకొకడు.

"సరస్సు దగ్గర ఐస్‌క్రీం కొట్టుందా పెద్దాయనా మీకు?" అన్నాడు గట్టిగా.

బెంచీ మీది కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అతనికి ఊపునిచ్చింది.

"మా ఇంటి సంగతిలో మీకేం పనండీ? పొద్దున్నే గుడ్లగూబలా దాపురించారు!" అంటూ చూపుడు వేలూ చిటికెన వేలూ నేలవైపు చూపించి దిష్టి తీసేసుకున్నాడు.

ఈసారి చుట్టుపక్కల అందరూ నవ్వారు. మిలేనా కూడా ఆపుకోలేకపోయింది.

ఆ మనిషి పాపకేసి చూశాడు.

"పాప చెయ్యి మాత్రం వదలకండి," అని వెళ్లిపోయాడు.

రైలొచ్చింది. ఏటికే వెళ్లారు.

మధ్యాహ్నం పుచ్చకాయ తిని ఎజీదియో బోర్లా పడుకున్నాడు. ఓరియానా మోకాలి లోతు నీళ్లలో తెల్లరాళ్లు ఏరుకుంటోంది.

అరుపు కూడా వినిపించలేదు. మిలేనా తల తిప్పేసరికి అక్కడ పిల్ల లేదు.

దిగువన మలుపు దగ్గర, ఏటికి అడ్డంగా కట్టిన తాడుని రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది.

ఎజీదియో ఒడ్డంట పరిగెత్తాడు. ఆ తాడు పట్టుకునే నీళ్లలో దిగి, కూతుర్ని లాక్కొచ్చాడు.

గాలం వేసుకుంటున్న ముసలాయన వచ్చి పిల్లకి తువ్వాలు కప్పాడు.

"ఆ తాడు... ఎవరు కట్టారు తాతా?" అంది మిలేనా పిల్లని హత్తుకుని.

"మిలాన్ నుంచి వస్తాడమ్మా, రెమిజియో అని. ఏటా మంచు కరిగి ఏరు పొంగితే కొట్టుకుపోతుంది. మళ్లీ వేసవి మొదట్లో వచ్చి కడతాడు. ఆదివారాలు స్టేషన్‌లో నిలబడి, పిల్లలున్న వాళ్లని ఇటు రావద్దని బతిమాలుకుంటాడు. మీకు చెప్పలేదూ?"

ఎజీదియో తల వంచుకుని తడి ఇసకకేసి చూస్తుండిపోయాడు.

తిరుగు రైల్లో మిలేనా అతన్ని ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండుననిపించింది అతనికి.

"నేనూ నవ్వాను," అంది ఆవిడ, మిలాన్ దగ్గరపడుతుండగా.

మళ్లీ ఆదివారం ఎజీదియో పొద్దున్నే మిఠాయి డబ్బా కట్టించుకుని స్టేషన్‌కి వెళ్లాడు. ఏమని మొదలుపెట్టాలో దారంతా వల్లించుకున్నాడు. మూడు రైళ్లు వచ్చి వెళ్లాయి. ఇస్త్రీ చొక్కా మనిషి కనిపించలేదు.

ప్లాట్‌ఫారం మీద కాఫీ కొట్టు నడిపే ఇవానాని అడిగాడు.

"రెమిజియోనా? ఇంక రాడు. పోయిన ఆదివారం ఎవడో మహానుభావుడు పదిమందిలో గుడ్లగూబ అన్నాట్ట. కాఫీ కూడా ముట్టకుండా లేచాడు. 'నేను చెబితే నవ్వుకుంటున్నారు ఇవానా, దానివల్ల ఇంకా మొండికేసి అటే పోతున్నారు, ఇక మానేస్తాను' అన్నాడు."

"ఇల్లెక్కడో తెలుసా?"

"పదేళ్లు కాఫీ పోశాను. ఇల్లెక్కడని ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు."

ఆ మహానుభావుణ్ణి నేనేనని చెప్పాలనుకున్నాడు ఎజీదియో. డబ్బా కౌంటర్ మీద పెట్టి, దాని దారం ముడిని గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"పాపం, కన్నబిడ్డని ఏరు మింగేస్తే ఆ తండ్రి కడుపుకోత..." అన్నాడు, వారమంతా తను ఊహించుకున్నదే.

ఇవానా వింతగా చూసింది.

"బిడ్డేమిటి? ఆయనకి అసలు పెళ్లే కాలేదు."

"మరి?"

"మునిగిపోయింది ఎవరి పిల్లో. ఆ పిల్ల పేరు కూడా ఆయనకి సోమవారం పేపర్లో చూశాకే తెలిసింది."

ఎజీదియో అర్థం కానట్టు చూశాడు.

"పదకొండేళ్ల కిందట వాళ్లమ్మా నాన్నా ఇక్కడే ఏటికా, సరస్సుకా అని వాదించుకుంటుంటే," అంది ఇవానా కప్పు కడుగుతూ, "ఆ ఏటి సంగతి తెలిసీ, చెబితే ఏమనుకుంటారోనని పక్కనే నోరు మూసుకుని నిలబడిన మనిషి ఆయన."