మూడో రిమైండరు

విజయరత్నంగారు ఉత్తరాలకి జవాబివ్వరు. ఉత్తరం వస్తే దక్షిణం వైపు తిరిగి కూర్చుంటారు. ఆ వైపు కిటికీలోంచి విశాఖ రేవూ, ఓడలూ బాగా కనిపిస్తాయి.

ఓడల కంపెనీలో పెద్ద ఆఫీసరాయన. "వెంటనే జవాబిచ్చేవాడు గుమస్తా. మూడో రిమైండరుక్కూడా ఇవ్వనివాడు ఆఫీసరు" అంటారు. బల్లమీద ట్రే నిండితే ఇంకో ట్రే తెప్పిస్తారు.

అలాంటి మనిషికి ఈమధ్య అన్నం సయించడం లేదు. కూతురు కృపావతిని కూర్మన్నపాలెంలో కొత్తగా దిగిన స్టీల్ ప్లాంటు ఇంజనీరుకిచ్చి చెయ్యాలని ఆయన ఆశ. కుర్రాడి తండ్రికి ఉత్తరం రాశారు. జవాబు లేదు. రిమైండరు రాశారు. ఉలుకూ పలుకూ లేదు.

"ఎంత బిజీ అయితే మాత్రం, ఓ కార్డుముక్క రాయడానికేం రోగం? మర్యాద లేని మనుషులు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచి, ఇంకో రిమైండరు రాసి, ఎప్పట్లాగే కృపావతికిచ్చి పోస్టు చెయ్యమన్నారు.

"ఇప్పుడే వేసేస్తాను నాన్నా" అంది ఆ పిల్ల బుద్ధిగా.

మర్నాడు ఆఫీసులో గుమస్తా రత్నరాజు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఫ్యామిలీ క్వార్టరుకి అర్జీ ఎట్టానండి. తమరేటీ సెప్పలేదండి."

"పెళ్ళే కాలేదు, నీకు ఫ్యామిలీ క్వార్టరేమిటయ్యా?"

"ముందు గూడుంటే కదండీ, తర్వాత జోడు."

"సర్లే, చూద్దాం."

"సిత్తమండి. తమరు పలక్కపోతే నానేటనుకోవాలండి?"

విజయరత్నంగారు ట్రేల వైపు చూసి నిట్టూర్చారు. "కాదనాలంటే కాగితం రాయాలి. నాకంత తీరికేదీ? పలకలేదంటే ఒప్పుకున్నట్టే. వెళ్ళు."

"అన్నిటికీనాండి?"

"అన్నిటికీనయ్యా!"

రత్నరాజు నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆ నెలలోనే క్వార్టరు తాళాలు అందుకున్నాడు.

ఆదివారాలు కూడా ఆఫీసుకే పరిగెత్తే విజయరత్నంగారిని, ఓ వారం భార్య చిట్టమ్మ పట్టుబట్టి చర్చికి లాక్కొచ్చింది. ముందు బల్లమీద కూర్చున్నారు గానీ, ఆయన ధ్యాసంతా ఒళ్ళో పెట్టుకున్న కాగితం మీదే. ఇంజనీరు తండ్రికి ఘాటుగా రాస్తున్న మూడో రిమైండరది. అక్కడ పాస్టరుగారు పెళ్ళి ప్రకటన చదువుతుంటే, ఇక్కడ ఈయన 'మర్యాద' అన్న మాట కింద గీత గీస్తున్నారు.

"...ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి" అన్నారు పాస్టరుగారు. "పోయిన రెండు ఆదివారాలూ అడిగాను. ఇదే ఆఖరుసారి."

చర్చిలో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

చిట్టమ్మ మోచేత్తో పొడిచింది. "ఏటండీ, మీరేటీ అనరా?"

"అడిగినవాళ్ళందరికీ జవాబిస్తూ కూర్చుంటే నేను ఆఫీసరునెలా అవుతానే?" అన్నారాయన, తలెత్తకుండానే మరో గీత గీస్తూ.

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని, చిరంజీవి రత్నరాజుకీ, విజయరత్నంగారి ఏకైక కుమార్తె కృపావతికీ వచ్చే బుధవారమే పెళ్ళని చదివారు.